డేటా అనలిటిక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవాళ్లకు హెచ్చరిక: నెలనెలా కట్టేది ఫీజు కాదు, అప్పు

డేటా మైనింగ్, డేటా అనలిటిక్స్ ఆన్‌లైన్‌లో నేర్చుకుని ఉద్యోగం మారదామని చూస్తున్నారా? అయితే డబ్బు కట్టేముందు ఇది ఓపిగ్గా చదవండి. "నెలకు కొంచెం కొంచెం కట్టుకోండి చాలు" అన్న మాట విని చేరబోతుంటే మరీ జాగ్రత్తగా చదవండి. ఓటీపీ చెప్పేశాక చదివితే పెద్దగా ఉపయోగం ఉండదు.

నేను విశాఖలో ఒక మందుల డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఎం.ఐ.ఎస్. రిపోర్టులు, అంటే యాజమాన్యానికి ఇచ్చే లెక్కల నివేదికలు, చేస్తాను. చదివింది బీకామ్. ఎక్సెల్‌లో పివట్ టేబుళ్లు, వీలుకప్‌లు రోజూ చేసే పనే. దీనికి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి వివరాలు తీసే భాష), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), కాస్త మెషిన్ లెర్నింగ్ (పాత డేటా చూసి కంప్యూటర్ అంచనా వేయడం) తోడైతే అనలిస్టు ఉద్యోగానికి వెళ్లొచ్చని ఒక ఆన్‌లైన్ సంస్థ పెట్టిన ఆరు నెలల కోర్సులో చేరాను. ఫీజు 85,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,00,300. సంస్థ మీద ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఆ ఒక్క పేరు తెలుసుకుని తప్పించుకున్నా, ఇదే పద్ధతి ఇంకో పేరుతో మీకు ఎదురుకావచ్చు. అందుకే పద్ధతి గురించే చెబుతాను.

ముందు డబ్బు సంగతి. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

డెమో క్లాసు అయిన మర్నాడే కౌన్సెలర్ ఫోన్ చేశారు. "ఈ బ్యాచ్‌లో రెండే సీట్లు ఉన్నాయి మేడమ్. నో కాస్ట్ ఈఎంఐ, వడ్డీ ఒక్క రూపాయి ఉండదు. ఆధార్, పాన్ పెట్టి సీటు కన్ఫర్మ్ చేసుకోండి చాలు" అన్నారు. లింకు వచ్చింది. సెల్ఫీ అడిగింది, బ్యాంకు అకౌంటు నంబరు అడిగింది, చివర్లో ఆధార్ ఓటీపీ. ఆ ఓటీపీకి ముందు ఫోన్ తెరమీద ఇంగ్లీషులో పేజీలకు పేజీలు చిన్న అక్షరాల కాగితం తెరుచుకుంది. చదువుతుంటే కౌన్సెలర్ లైన్లోనే ఉండి "అది జనరల్ ఫార్మాలిటీ మేడమ్, ఓటీపీ టైమవుట్ అయిపోతుంది" అని తొందరపెట్టారు. లోన్ అన్న మాట ఆ సంభాషణలో ఒక్కసారి కూడా రాలేదు. అది లోనని నాకు తెలిసింది, నేను ఎప్పుడూ పేరు వినని ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి "మీ పర్సనల్ లోన్ మంజూరైంది" అని మెసేజ్ వచ్చినప్పుడు.

అందులో జరిగేది ఇదీ. ఫైనాన్స్ కంపెనీ మన పేరు మీద అప్పు రాసుకుని, ఆ మొత్తాన్ని నేరుగా కోచింగ్ సంస్థకు పంపిస్తుంది. "నో కాస్ట్" అంటే వడ్డీ లేదని కాదు. ఆ వడ్డీ మేరకు సంస్థ తన ఫీజులోంచి వదులుకుని, మిగతాది ఒకేసారి తీసేసుకుంటుందని. ఆ రోజుతో సంస్థకు రావాల్సిన డబ్బు వచ్చేసినట్టే. తర్వాత క్లాసు జరిగినా జరగకపోయినా, మీరు మానేసినా, ఏకంగా సంస్థే మూతపడినా, ప్రతి నెలా 5వ తేదీకి ఈ-మాండేట్ మీద, అంటే ఆన్‌లైన్‌లో మనమిచ్చిన ఆటోమేటిక్ కోత అనుమతి మీద, మన అకౌంట్లో డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. సంస్థను అడిగితే "లోన్ సంగతి ఫైనాన్స్ వాళ్లను అడగండి" అంటారు, ఫైనాన్స్ వాళ్లను అడిగితే "చదువు సంగతి సంస్థను అడగండి" అంటారు. ఈ రెండు ఫోన్ల మధ్య నెలలు గడిచిపోతాయి. నెలకోసారి ఫీజు తీసుకునే ట్యూషన్ మాస్టారికైతే వచ్చే నెల పిల్లాడు వస్తాడో రాడో అన్న భయమైనా ఉంటుంది. వీళ్లకు ఆ భయం కూడా లేదు. నేను ఇక్కడ రాయబోయే మిగతా కష్టాలన్నీ అందులోంచి పుట్టినవే.

ఇక చదువు. డెమో చెప్పినాయన చాలా బాగా చెప్పారు. ఆయన మళ్లీ కనిపించలేదు. లైవ్ అన్న క్లాసుల్లో చాలావరకు పాత రికార్డింగులే నడిచాయి. పాత బ్యాచ్‌వాళ్ల పేర్లు పిలుస్తూ "అర్థమైందా?" అని అడగడం వినిపిస్తుంటే మనకు తెలిసిపోతుంది. డౌట్లకు వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో అడిగితే "నోటెడ్" అని జవాబు.

ఒక క్లాసు మాత్రం వివరంగా చెప్పాలి. ఎందుకంటే చెప్పేవాళ్లకు విషయం వచ్చో రాదో పట్టుకోవడానికి మీకు అదే పనికొస్తుంది. క్రెడిట్ కార్డు మోసాల డేటాసెట్ ఒకటి కాగిల్ అనే డేటా సైన్స్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఈ రంగంలో అందరికీ తెలిసిందే. 2013 సెప్టెంబరులో యూరప్ కార్డుదారులు రెండు రోజుల్లో చేసిన 2,84,807 లావాదేవీలు. అందులో మోసాలు 492 మాత్రమే. ఇన్‌స్ట్రక్టర్ ముందే రాసి పెట్టుకున్న నోట్‌బుక్ (కోడ్ ఫైలు) తెరిచి, అందులోని కోడ్ ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి రన్ చేసుకుంటూ పోయి, చివర్లో "99.9 శాతం యాక్యురసీ వచ్చింది, ఇది రెజ్యూమెలో పెట్టుకోండి" అన్నారు. ఇప్పుడు లెక్క చూడండి. ఏ మోడలూ లేకుండా, కళ్లు మూసుకుని, ప్రతి లావాదేవీకీ "ఇది మోసం కాదు" అని చెప్పుకుంటూ పోయినా 99.83 శాతం కరెక్టే అవుతుంది. ఒక్క దొంగా దొరకడు, యాక్యురసీ మాత్రం అదిరిపోతుంది. ఇలాంటి డేటాలో అడగాల్సింది యాక్యురసీ కాదు. ఆ 492లో ఎన్ని పట్టుకున్నాం, అది రీకాల్. పట్టుకున్నవాటిలో నిజంగా మోసాలెన్ని, అది ప్రెసిషన్. బ్యాచ్‌లో ఒకబ్బాయి చాట్‌లో సరిగ్గా ఇదే అడిగాడు, "492లో మనకు ఎన్ని దొరికాయి సార్?" అని. "అది అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో వస్తుంది" అన్నారు. కోర్సు అయిపోయింది గానీ ఆ మాడ్యూల్ రాలేదు.

ప్రాజెక్టులూ అంతే. టైటానిక్ ప్రయాణికుల డేటా, ఐరిస్ పూల డేటా. ఐరిస్ అనేది 1936లో ఫిషర్ తన పరిశోధన పత్రంలో వాడిన డేటా, 150 పూల కొలతలు. మొదటి వారం చేయి తిరగడానికి మంచిదే, కాదనను. ఫైనల్ ప్రాజెక్టు కింద బ్యాచ్‌లో అందరికీ అదే కోడ్ ఇచ్చి, పేరు మార్చి గిట్‌హబ్‌లో (కోడ్ దాచి నలుగురికీ చూపించే సైటు) పెట్టుకోమంటే అది నేర్పడం కాదు.

దీని ఫలితం నాకు ఇంటర్వ్యూలో తెలిసింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి అమ్మకాల ఫైలు ఒకటి ఇచ్చి, ఊరువారీగా నెలవారీ అమ్మకాలు తీయమన్నారు. ఊరి కాలమ్‌లో ఒకచోట వైజాగ్, ఒకచోట విశాఖపట్నం, ఇంకోచోట విశాఖపట్టణం, మరోచోట వీఎస్‌కేపీ. తేదీల్లో 03/04 అంటే మార్చి 4వ తేదీనో ఏప్రిల్ 3వ తేదీనో తెలియదు, రెండు రకాలుగానూ ఉన్నాయి. వెనక్కి వచ్చిన సరుకు కొన్నిచోట్ల మైనస్ అంకెగా, కొన్నిచోట్ల వేరే వరుసగా రాసి ఉంది. మా ఆఫీసులో రోజూ చూసే తంతే కాబట్టి ఇంతవరకు నెట్టుకొచ్చాను. తర్వాత ఎస్‌క్యూఎల్. బిల్లుల టేబుల్‌ను చెల్లింపుల టేబుల్‌తో జాయిన్ చేసి (బిల్లు నంబరును బట్టి కలిపి) మొత్తం తీస్తే, అసలు అమ్మకం కంటే ఎక్కువ వచ్చింది, ఎందుకని అడిగారు. ఒక బిల్లుకు రెండు విడతల్లో డబ్బు కట్టి ఉంటే జాయిన్‌లో ఆ బిల్లు రెండు వరుసలవుతుంది, మొత్తం రెండుసార్లు కూడుతుంది. ఏ అనలిస్టుకైనా మొదటి నెలలోనే ఎదురయ్యే సమస్య ఇది. లక్ష రూపాయల కోర్సులో ఎస్‌క్యూఎల్‌కు ఇచ్చింది ఒక వారాంతం. జాయిన్ చేస్తే వరుసలు పెరుగుతాయన్న ముక్కే ఎవరూ చెప్పలేదు.

"నూరు శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ" గురించి కూడా విప్పి చెప్పాలి. ప్రకటనలో గ్యారంటీ అని ఉంటుంది, ఒప్పందంలోకి వచ్చేసరికి అది "అసిస్టెన్స్" అవుతుంది. దానికి 90 శాతం హాజరు కావాలి, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా 60 శాతం మార్కులుండాలి, వాళ్లు చూపించిన ఏ ఇంటర్వ్యూనూ కాదనకూడదు. నాకు చూపించినవాటిలో ఒకటి టెలికాలింగ్, ఒకటి డేటా ఎంట్రీ. నేను ఇప్పుడు చేస్తున్న పనికంటే కింది పనులు. వద్దంటే "మీరే రిజెక్ట్ చేశారు, గ్యారంటీ వర్తించదు" అని మెయిల్.

దీనికంటే ప్రమాదకరమైంది ఇంకొకటి. ప్లేస్‌మెంట్ టీమ్ నుంచి ఒకరు ఫోన్ చేసి, రెజ్యూమెలో రెండేళ్ల అనలిస్టు అనుభవం చూపిద్దాం, కాగితాలు మేమే ఇప్పిస్తాం, దానికి విడిగా ఇంత అవుతుందన్నారు. నేను వద్దన్నాను. మీరూ వద్దనండి. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగికి ఉండే ఒకే పీఎఫ్ నంబరు) రికార్డు చూస్తాయి. ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో అందులో తెలిసిపోతుంది. చేరాక దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, తర్వాతి ఉద్యోగానికీ ఆ మచ్చ వెంటాడుతుంది. కాగితాలు అమ్మినవాళ్లు మాత్రం ఫోన్ ఎత్తరు.

చేరదలచుకుంటే ఏం చూసుకోవాలో చెబుతాను. డెమో చెప్పే మనిషే బ్యాచ్ మొత్తం చెబుతారా అని మెయిల్‌లో అడగండి, జవాబు మెయిల్‌లోనే రాబట్టండి. డెమోలో పైన చెప్పిన 492 ప్రశ్న వేయండి. లేదా ఇది అడగండి: వంద కిరాణా బిల్లుల్లో 80 బిల్లుల్లో పాల ప్యాకెట్ ఉంది, గుడ్లు కొన్నవాళ్లలో 75 శాతం మంది పాలు కొన్నారు, మరి గుడ్ల పక్కన పాలు పెడితే లాభమా? 75 చూసి అవునన్నారంటే ఆయనకు విషయం రాదు. ఎవరైనా పాలు కొనే అవకాశమే 80 అయినప్పుడు గుడ్లు కొన్నవాళ్లలో అది తగ్గింది, అంటే లిఫ్ట్ (75ను 80తో భాగిస్తే వచ్చేది) ఒకటి కంటే తక్కువ. ఏ సరుకుతో ఏది కొంటారో చూసే బాస్కెట్ అనాలిసిస్‌లో ఇది మొదటి పాఠం.

డబ్బు మాత్రం విడతల్లో నేరుగా సంస్థకే కడతాను, లోన్ వద్దు అనండి. ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి. తప్పనిసరై లోన్ తీసుకుంటే సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. అప్పెంత, ఏడాది ఖర్చు ఎంత శాతం, ఫిర్యాదు ఎవరికి చేయాలి, అన్నీ అందులో ఉండాలని ఆర్‌బీఐ నిబంధన. డిజిటల్ లోన్లకు కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉండాలి. ఆ గడువులో అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఇందులో ఒక చిక్కుంది. అసలు డబ్బు అప్పటికే సంస్థ చేతిలో ఉంటుంది, కట్టాల్సింది మాత్రం మీరు. కాబట్టి ఆ గడువులోపల మానుకుంటే డబ్బు వెనక్కి ఇస్తామని సంస్థ దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

లక్ష పోయకుండా నేర్చుకునే దారులు నిజంగానే ఉన్నాయి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ పబిత్ర మిత్ర చెప్పిన డేటా మైనింగ్ కోర్సు వీడియోలు ఉచితం. ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు, సెంటరుకు వెళ్లి రాయాలి. అందుకే దానికి విలువ. కాగిల్‌లో పైథాన్, ఎస్‌క్యూఎల్ పాఠాలు ఉచితం. వెకా (డేటా మైనింగ్‌కు), పోస్ట్‌గ్రెస్ (ఎస్‌క్యూఎల్ డేటాబేస్), పవర్ బీఐ డెస్క్‌టాప్ (చార్టులు, రిపోర్టులకు), ఇవన్నీ ఉచితంగా దించుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్లో అక్కడి జిల్లాల డేటాయే దొరుకుతుంది, ప్రాజెక్టు దానిమీద చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత కథ ఉంటుంది. పద్ధతిగా చదవాలనుకునేవాళ్లకు ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ ఉంది. ముందు క్వాలిఫయర్ (అర్హత పరీక్ష), ఆ తర్వాత ఏ కోర్సులు తీసుకుంటే వాటికే ఫీజు. మధ్యలో ఆగినా మొత్తం మెడకు చుట్టుకోదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు. కోపంలో ఈఎంఐ ఆపేయకండి. దెబ్బ సంస్థకు తగలదు, మీ సిబిల్ స్కోరుకు తగులుతుంది, రేపు ఇంటి లోన్‌కు వెళ్తే అది అడ్డొస్తుంది. కడుతూనే పోట్లాడండి. ఫోన్లు మానేసి అంతా మెయిల్‌లో పెట్టండి. ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్లు, క్లాసుల షెడ్యూలు ఒకచోట దాచుకోండి. వాళ్లు గ్రూపు డిలీట్ చేస్తే మళ్లీ దొరకవు, మా గ్రూపు అలాగే మాయమైంది. ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి, 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. సంస్థ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదులో 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనల మీద ఇచ్చిన మార్గదర్శకాలను ప్రస్తావించండి. ఉద్యోగ భద్రత గురించి, ఫీజు వాపసు గురించి తప్పుడు మాటలు చెప్పడం వాటి ప్రకారం కుదరదు. నేనూ అదే రాశాను. ఆ మెయిల్ వెళ్లాకే సంస్థ నుంచి మొదటిసారి మేనేజర్ స్థాయి మనిషి ఫోన్ చేసి, సగం వెనక్కి ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అన్నారు. ఆ మాట మెయిల్‌లో పంపమన్నాను. ఇంకా పంపలేదు.