పోస్ట్‌గ్రెస్ లాగ్‌లతో ఏళ్ల కాపురం

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వేగం గురించి, ఇండెక్సుల గురించి అందరూ రాస్తారు. చాలా ఏళ్లుగా దాన్ని సర్వర్ల మీద నడుపుతున్న నాకు రోజూ పని పడేది మాత్రం దాని లాగ్‌లతోనే, అంటే లోపల ఏం జరుగుతోందో అది రాసుకునే ఫైళ్లతోనే.

సోర్సు నుంచి బిల్డ్ చేసుకుంటే, మెసేజ్‌లను పోగుచేసి ఫైళ్లలో రాసే లాగింగ్ కలెక్టర్ ఆఫ్‌లో ఉంటుంది. సర్వర్‌ని నడిపే, ఆపే పీజీ సీటీఎల్ కమాండ్‌తో స్టార్ట్ చేసేటప్పుడు లాగ్ ఫైలు పేరు ఇవ్వకపోతే, సర్వర్ బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లినా దాని గోల మన టెర్మినల్ మీదే పడుతుంటుంది. కలెక్టర్ ఆన్ చేయాలంటే రీస్టార్ట్ తప్పదు, కాబట్టి మొదటి రోజే చేసేయడం మేలు.

ఇక అసలు తలనొప్పి డిస్కు. రోజుకొకసారి గానీ, 10 ఎంబీ నిండినప్పుడు గానీ కొత్త ఫైలు తెరుస్తుంది. పాతవాటిని మాత్రం ముట్టుకోదు. నేను ఫైలు పేరులో తేదీ తీసేసి వారం పేరు పెట్టి, ఫైలు మారినప్పుడు అదే పేరున్న పాతదాన్ని చెరిపేసే లాగ్ ట్రంకేట్ ఆన్ రొటేషన్ సెట్టింగ్‌ను ఆన్ చేస్తాను. ఏడు ఫైళ్లే ఉంటాయి, ఈ సోమవారం లాగ్ పోయిన సోమవారం దాన్ని చెరిపేస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. టైమును బట్టి మారినప్పుడే చెరుపుతుంది. సైజు దాటినా, సర్వర్ రీస్టార్ట్ అయినా పాతదాని కిందే రాసుకుంటూ పోతుంది. అందుకే సైజు పరిమితిని 0 చేస్తాను, అంటే సైజును బట్టి ఫైలు మార్చడం ఆపేస్తాను.

నాకు బాగా నచ్చింది ఈ కలెక్టర్ మొండితనం. లోడ్ విపరీతంగా పెరిగి కలెక్టర్ వెనకబడితే క్వెరీలు నడిపే ప్రాసెస్‌లైనా ఆగుతాయి గానీ మెసేజ్ పోదు. ఆపరేటింగ్ సిస్టమ్ సొంత లాగ్ సర్వీసైన సిస్‌లాగ్ అలాంటప్పుడు మెసేజ్‌లనే వదిలేస్తుంది. అలాగని ప్రతి స్టేట్‌మెంటూ లాగ్ చేయించి ఆ మొండితనాన్ని పరీక్షించకండి. ఒక సెకను దాటిన క్వెరీలు చాలు.

లాగ్ లాక్ వెయిట్స్ అనే సెట్టింగ్ కూడా ఆన్ చేసుకోండి. లాక్ అంటే ఒకరు మారుస్తున్న డేటాను ఇంకొకరు ముట్టుకోకుండా వేసే తాళం. ఒక అప్‌డేట్ లాక్ కోసం సెకను మించి ఆగిందంటే, లాక్ పట్టుకున్న ప్రాసెస్ నంబరు, క్యూలో ఉన్నవాళ్ల నంబర్లు ఒకే చోట రాస్తుంది. "అప్లికేషన్ హ్యాంగ్ అయింది" అని ఫోన్ వస్తే నేను ముందు చూసేది ఆ లైనే. చెక్‌పాయింట్లు, అంటే మెమరీలోని మార్పులను డిస్కులోకి దించే పనులు, మరీ దగ్గర దగ్గరగా పడుతుంటే మాక్స్ వాల్ సైజ్ అనే సెట్టింగ్ పెంచమని హింట్ కూడా ఇస్తుంది.

2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, ప్రోగ్రాములు తేలిగ్గా చదవగలిగే జేసన్ రూపంలో లాగ్ ఉంది. టూల్స్‌కి పంపడానికి హాయి, కంటితో చదవడానికి నరకం.

నచ్చనిది ఒకటుంది. టేబుళ్లు, యూజర్ల లాంటివాటిని సృష్టించే, మార్చే డీడీఎల్ కమాండ్ల లాగింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆల్టర్ రోల్‌తో యూజర్ పాస్‌వర్డ్ మారిస్తే, అది ఉన్నదున్నట్టుగా లాగ్‌లో పడుతుంది. పోస్ట్‌గ్రెస్‌కి టెర్మినల్ నుంచి కమాండ్లు ఇచ్చే పీఎస్‌క్యూఎల్‌లోని బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ కమాండ్ వాడితే ఎన్‌క్రిప్ట్ అయ్యాకే సర్వర్‌కి వెళ్తుంది.