డెరాసా క్లామ్: మా ట్యాంకులో ఐదేళ్లు

ముందు చచ్చిపోయినదాని గురించి చెప్పాలి. డాలస్‌లో 120 గాలన్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టిన కొత్తలో, రంగు చూసి మనసు పారేసుకుని ఒకటిన్నర అంగుళాల మాక్సిమా క్లామ్ తెచ్చాను. క్లామ్ అంటే రెండు పెంకుల సముద్రపు గుల్ల, మాక్సిమా దాన్లో ఒక జాతి. ముదురు నీలం, మీద బంగారు చుక్కలు. మూడు వారాల్లో పోయింది. ట్యాంకుకి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు, అది నా తొందర. పైగా షాపులో కుర్రాడు దాన్ని రాయి మీంచి పీకి ఇచ్చాడు. క్లామ్ అడుగున పోగుల్లాంటివి రాయిని గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటిని బ్లేడుతో కొయ్యాలే గానీ పీకకూడదు. లోపల చిరిగితే ఇక కోలుకోవడం కష్టం.

ఏడాది ఆగి 3 అంగుళాల డెరాసా కొన్నాను, ఇది ఇంకో జాతి క్లామ్. ఇప్పుడది 11 అంగుళాలు. గోధుమరంగు మీద పసుపు చారలు, అంచున సన్నగా నీలం. మాక్సిమా అంత అందం లేదు, కానీ మొండిది. మాక్సిమాకి కావలసినంత లైటు దీనికి అక్కర్లేదు, ఇసుక మీద పెట్టినా హాయిగా ఉంటుంది.

"మేత ఏం వేస్తావు?" అని ఇంటికొచ్చినవాళ్లందరూ అడుగుతారు. ఏమీ వెయ్యను. దాని కండలో కాపురముండే నాచు లైటుతో తిండి తయారుచేసి పెడుతుంది. నీళ్లలో నైట్రేట్ కూడా కొంత లాగేసుకుంటుంది. ఒకసారి నీళ్లు మరీ శుభ్రం చేసి నైట్రేట్ సున్నాకి తెస్తే, పాపం, పాలిపోయింది.

దాని అసలు ఆకలి కాల్షియం మీద, పెంకు కట్టుకునేది దాంతోనే. చిన్నప్పుడు వారానికోసారి టెస్ట్ చేస్తే సరిపోయేది, ఇప్పుడు రెండు రోజులకోసారి తప్పదు. కాల్షియం 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు), ఆల్కలినిటీ, అంటే నీటి క్షారత, దాని కొలతలో 8 డీకేహెచ్ దగ్గర ఉంచుతాను. అందుకు వాడేది కాల్క్‌వాసర్. పేరు గొప్పగా ఉంది గానీ మన సున్నపు తేటే. పీహెచ్ పెరిగిపోకుండా రాత్రిపూట చుక్కచుక్కగా పడేలా పెట్టాను. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "గుల్లల్ని కాల్చి సున్నం చేస్తారు గానీ, సున్నం పోసి గుల్లని పెంచడమేంట్రా?" అంది.

రెండో ఏడు పగటిపూట కూడా సగం మూసుకునే ఉండేది. ఒకటే టెన్షన్. టెస్టులన్నీ బాగానే ఉన్నాయి. అర్ధరాత్రి టార్చి వేసి చూస్తే పెంకు అంచున బియ్యపు నూకల్లా తెల్లటి నత్తలు! పిరమిడెల్లా అంటారు, కండలో తొండం గుచ్చి రసం పీలుస్తాయి. నెల పైనే రోజూ రాత్రి పాత టూత్‌బ్రష్‌తో వాటినీ, పెంకుకి జిగురులా అంటుకున్న గుడ్లనీ గీకాను. కొత్త క్లామ్ ఏది తెచ్చినా నేరుగా ట్యాంకులో వెయ్యకండి.

హైదరాబాద్ ఫ్రెండ్ ఒకడు తనకీ కావాలన్నాడు. వద్దన్నాను. మాక్సిమా, స్క్వామోసా లాంటి క్లామ్‌లు మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద రక్షిత జాతులు. నాది ఫార్మ్‌లో పెంచినది.

చెయ్యి నీడ పడితే చాలు, చటుక్కున మూసుకుని నీళ్లు చిమ్ముతుంది. లైటు అద్దం మీద ఉప్పు తుడవడం నా ఆదివారం పని. సముద్రంలో ఇది రెండడుగుల దాకా పెరుగుతుందట. పక్కనున్న పగడాలను ఇప్పటికే రెండుసార్లు జరిపాను, మూడోసారి జరపడానికి చోటు లేదు.