అడగడమా, గమనించడమా, సరిహద్దును పోల్చడమా: ఏది మేలు?

జనం బస్సు మానేసి బండెందుకు తీస్తారో తేల్చడానికి ఆర్థికవేత్తలకు మూడు దారులున్నాయి. పర్లాకిమిడి లాంటి ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ఊళ్లో వీటిలో ఏది నిలుస్తుంది?

మొదటిది అడగడం. "పావుగంటకో బస్సు వేస్తే ఎక్కుతారా?" అంటే బజారులో అందరూ "ఎందుకెక్కం బాబూ!" అనేవాళ్లే. మాటకు డబ్బులేం పోవు కదా! కాకపోతే ఇంకా రాని బస్సు గురించి తెలియాలంటే అడగక తప్పదు.

రెండోది జనం చేసేది చూడటం. అమెరికా ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్‌కు 2000లో నోబెల్ వచ్చింది ఈ తరహా పనికే. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో బార్ట్ రైలు మొదలైంది. అంతకుముందు జనం పనికి ఎలా వెళ్తున్నారో చూసి, 6.3 శాతం మంది రైలెక్కుతారని ఆయన లెక్కగట్టారు. అధికారుల అంచనా 15 శాతం. చివరికి ఎక్కింది 6.2 శాతం. ఛార్జీ, నడక, ఎదురుచూపు వేటికవి విడదీయడమే ఇందులో కీలకం. ఊరికే నిలబడి బస్సు కోసం ఎదురుచూసే నిమిషం, బండిలో సాగే నిమిషానికి దాదాపు రెట్టింపు బరువు. "ఇంకొక్కరు, ఇంకొక్కరు" అంటూ కదలని షేర్ ఆటోలో కూర్చున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఛార్జీ తక్కువైనా జనం బైకు కొనేది అందుకే.

నా ఓటు మాత్రం మూడోదానికి, అంటే సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చడానికి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. అవే బంధుత్వాలు, అదే సంత. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్ర ఆడవాళ్లకు స్త్రీశక్తి కింద ఆర్టీసీ బస్సు ఉచితం. సరిహద్దు గీతకు ఇవతల, ఒడిశాలో ఉన్న చెల్లెలికి ఆ వీలు లేదు. ఉచిత టికెట్టు ఎవర్ని ఎటు కదిలించిందో తేల్చడానికి ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల సరిహద్దులో కనీస వేతనాన్ని ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఇలాగే పరిశీలించి 1994లో ప్రచురించారు.

అయితే పెట్రోల్ దగ్గర ఇదే పద్ధతి బోల్తా పడుతుంది. పన్నుల తేడా వల్ల ఒడిశాలో పెట్రోల్ చౌక. గీత దాటగానే వచ్చే బంకు దగ్గర చూడండి, ఏపీ నంబరు బళ్లు వరసకడతాయి. ట్యాంకు నిండేది ఇక్కడ, పొగ వచ్చేది టెక్కలి రోడ్డు మీద. ఆంధ్ర పన్ను పెంచితే అక్కడి బంకుల్లో అమ్మకం తగ్గుతుంది. కాగితం మీద కాలుష్యం తగ్గినట్టే! ఒడిశా వాళ్లేమో ఉన్నట్టుండి తెగ తిరిగేస్తున్నట్టు కనిపిస్తారు.

కాబట్టి ఉచిత బస్సుకు సరిహద్దు పోలికే మేలు. కొత్త రూటుకు రెండో పద్ధతి, దానికి తోడుగా కొంచెం అడగడం. పెట్రోల్ పన్నుకైతే గీత పక్క బంకుల్ని లెక్కలోంచి తీసేయాలి, లేదా బంకును వదిలి బండి మీటరులో కిలోమీటర్లు చూడాలి.