పాలరాతి తలకు పసుపు పూస్తే: నాలుగేళ్ళ వాడకం తర్వాత

ఈ పాలరాతి బొమ్మలో నాకు నచ్చింది ఒక్కటే. పొద్దున ఏడున్నరకు దాని ఎడమ చెంప మీద పడే ఎండ. దానికోసమే మిగతావన్నీ భరిస్తున్నాను. కొన్న కొత్తలో రాసిన రివ్యూలో మాత్రం అందరికీ వేరే చెప్పాను. ఫాల్స్ సీలింగ్‌లోంచి స్పాట్ లైటు పడుతుంటే మా హాలు మ్యూజియంలా ఉందన్నాను. ఆ ముక్క చదివి కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, సారీ.

తల నుంచి రొమ్ము దాకా మాత్రమే చెక్కిన పాలరాతి ఆడమనిషి. అంగళ్ళలో బస్ట్ అంటారు. హైదరాబాద్‌లో పాత సామాన్ల షాపులో 46 వేలు పెట్టాను. బరువు 26 కిలోలు, నల్గొండకు కారు వెనక సీట్లో బొంతలో చుట్టి, బెల్టు పెట్టి తెచ్చాం. ‘నూట యాభై ఏళ్ళది మేడమ్, దొరల బంగళా సామాను’ అన్నాడు షాపతను. బిల్లు మీద మాత్రం ‘మార్బుల్ డెకరేషన్ ఐటమ్’ అని రాశాడు. అదేంటో తర్వాత అర్థమైంది. నూరేళ్ళు దాటిన శిల్పం 1972 నాటి చట్టం కింద పురావస్తువు. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, ఉంచుకునేవాళ్ళు రిజిస్టర్ చేయించుకోవాలి. అందుకే నోటికి నూట యాభై, కాగితానికి సున్నా. మొదటి వారంలో జుట్టు మడతల్లో దూదిపుల్ల తిప్పితే గోధుమరంగు మట్టి వచ్చింది, దానికి బూటు పాలిష్ వాసన! పాతదిలా కనబడాలని పూసిందన్నమాట. అయితే వీపు వైపు తొలిచిన చోట పళ్ళ ఉలి గీతలు చేత్తో చెక్కినవే, వంకర టింకరగా ఉన్నాయి. మిషన్ గుండ్రాలు కావు. చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంటుంది, చెవుల వెనక అచ్చు అతుకు లేదు, కాబట్టి అచ్చులో పోసే ప్లాస్టిక్ లాంటి రెజిన్ కాదు. చుట్టాలు అడిగితే ‘పాతదే’ అంటాను. ఏళ్ళు చెప్పడం మానేశాను.

బొమ్మ ఎవరిదంటే, క్లైటీ. అసలుది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. టౌన్లీ అనే ఇంగ్లీషాయన 1772లో నేపుల్స్‌లో కొన్నాడు, ఆయన పోయాక 1805లో ఆయన శిల్పాలతో పాటు మ్యూజియానికి చేరింది. దానికి పందొమ్మిదో శతాబ్దంలో లెక్కలేనన్ని నకళ్ళు చేశారు, నాదీ దాని నకలే, ఎప్పటిదో మాత్రం తెలీదు. నిజానికి అది ఒక రోమన్ ఇంటావిడ రూపమే అనీ, మార్క్ ఆంటోనీ కూతురు ఆంటోనియా అయ్యుండొచ్చనీ కూడా అంటారు. రొమ్ము కింద పూరేకులు విచ్చుకుని ఉంటాయి, అందులోంచి ఆమె పైకొచ్చినట్టు ఉంటుంది. గ్రీకు కథలో క్లైటీ సూర్యుడిని ప్రేమించి, ఆకాశంలో ఆయన వెళ్ళే దారినే చూస్తూ చూస్తూ పువ్వయిపోయింది.

మా అత్తమ్మకు ఈ కథ చెప్పలేదు. తప్పు అక్కడే జరిగింది.

కొన్న రెండో ఏడు శ్రావణ శుక్రవారం. నేను పరీక్ష డ్యూటీకి మిర్యాలగూడ పోయాను. సాయంత్రం తలుపు తీసేసరికి అగరొత్తుల వాసన. హాల్లో క్లైటీ చెంపలకు, మెడకు నిండుగా పసుపు, నొసట రూపాయంత కుంకుమ, రేకుల మీద చామంతులు. కళ్ళకు కాటుక కూడా. ‘తామర పువ్వుల కూసున్నది, ఇంటికచ్చిన లచ్చిమికి బొట్టు పెట్టకుంటె ఎట్ల బిడ్డా? పాపం, కండ్లు సుత లేకుండె’ అంది అత్తమ్మ, మురిసిపోతూ. కళ్ళ సంగతి ఆమె అన్నది ఒక రకంగా నిజమే. ఆ కాలపు రోమన్లు కనుపాప చెక్కేవాళ్ళు కాదు, రంగుతో దిద్దేవాళ్ళు. కానీ ఆ పూట నాకు అవేవీ గుర్తు రాలేదు.

పాలరాయి గట్టిదని అనుకుంటాం గానీ దానికి సన్నని రంధ్రాలుంటాయి, తడి పసుపును తాగేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే పైది పోయి లోపలిది మిగిలింది. టెన్షన్‌లో గిన్నెలు తోమే సబ్బు తెచ్చి రుద్దాను. పసుపు కాస్తా ఎర్రగా మారిపోయింది! బట్టల మీద మరకకు సబ్బు పెడితే ఎరుపెక్కుతుందని ప్రతి ఇంటికీ తెలుసు, నాకూ తెలుసు. మొహం మీద చూసేసరికి మాత్రం గుండె జారింది. చెంపలు కొట్టినట్టు కందిపోయాయి. అత్తమ్మ రెండు చేతులూ జోడించి ‘కోపమచ్చింది తల్లికి’ అని పూజగదిలోకి పోయింది.

పక్కింటి ఆంటీ నిమ్మకాయ తెచ్చింది. పులుపు తగిలితే ఎరుపు మళ్ళీ పసుపవుతుంది, అయింది కూడా. గడ్డం దగ్గర రెండు నిమిషాలు రుద్ది కడిగి చూస్తే ఆ మేర మెరుపు పోయి, సున్నం గోడలా గరుకుగా తయారైంది. పాలరాయి సున్నపు జాతి రాయి, పులుపు దాన్ని తినేస్తుంది. నిమ్మ, చింతపండు, వెనిగర్, బాత్రూం యాసిడ్, ఏదైనా సరే. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఎంత తుడిచినా పోదు. గచ్చు పాలిష్ చేసే అతను మిషన్ తెస్తానన్నాడు, దండం పెట్టాను.

చివరికి దారి చూపింది అత్తమ్మే. ‘పసుపు మరక ఎండల ఎయ్యాలె గని, గట్ల రుద్దితె పోతదా?’ అంది మర్నాడు, కోపం తగ్గాక. ఇద్దరం కలిసి తువ్వాలు మీద లాక్కుంటూ తూర్పు వరండాలోకి చేర్చాం. రోజూ ఫిల్టర్ నీళ్ళతో తడిపిన గుడ్డ. మా బోరు నీళ్ళు ఆరితే తెల్ల పొర కడతాయి, వాటితో ముట్టుకోలేదు. వానాకాలం కదా, మధ్యలో మూడు రోజులు ముసురు. ఒకరోజు కోతి ఒకటి ఆమె తల మీద కూర్చుని పాలరాతి జడలో పేలు వెతికింది, ఫోటో తీసేలోపు పోయింది. మూడు వారాలకు పసుపు పూర్తిగా పోయింది. కుంకుమ అంగడి సరుకు, రంగు కలిపింది, ఎండకు లొంగలేదు. మెడికల్ షాపులో గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, టిష్యూ పేపర్ ముద్ద చేసి నొసట అంటించి, పైన పాలిథిన్ కప్పి రాత్రంతా ఉంచాను. రెండు రాత్రులకు లేత గులాబీ నీడ మాత్రమే మిగిలింది. కాటుక దూదికే వచ్చేసింది.

ఆ మూడు వారాల్లోనే బొమ్మ మొహం నేను మొదటిసారి చూశాను. మా నల్గొండ పక్కనున్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలని నీడ చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ ఊరి పక్కనే పుట్టి పెరిగి, వెలుతురు ఎటు నుంచి పడాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఈమె తల కొంచెం వంచి ఉంటుంది. నెత్తి మీంచి స్పాట్ లైటు పడితే కళ్ళు రెండు గుంటలు, ముక్కు నీడ పెదవి మీద మీసంలా పడేది. మా ఆడబిడ్డ పిల్లలు ‘మీసాలత్త’ అని పేరు కూడా పెట్టారు. నేను దానికి మ్యూజియం లుక్ అని మురిశాను! వరండాలో పక్క నుంచి ఎండ తగిలేసరికి చెంప గుండ్రంగా తేలింది, కింది పెదవి మీద తడి ఉన్నట్టు అనిపించింది. పూరేకుల అంచులు పల్చగా ఉన్నచోట వెలుతురు రాయిలోకి దిగి, లోపల దీపం పెట్టినట్టు తేనెరంగులో కనిపించాయి. ప్లాస్టర్ బొమ్మకు ఇది రాదు, పాలరాయికే ఆ గుణం.

మరకలు పోయాక హాల్లో పాత చోట పెట్టలేదు. తూర్పు కిటికీ పక్కకు మార్చి, వడ్రంగితో నాలుగడుగుల టేకు స్టాండు చేయించాను. ఆమె కిందికి చూస్తుంది కాబట్టి మన కళ్ళకంటే కాస్త పైన ఉంటేనే మొహం అందుతుంది. స్టాండుకు ఇంకో 9 వేలయ్యాయి, అది కొన్న ధరలో కలపకుండానే ఇన్నాళ్ళూ లెక్క చెప్పుకున్నాను. కోతుల భయానికి ఆ కిటికీకి జాలీ వేయించాను, దానితో వెలుతురు కొంత తగ్గింది. చలికాలం రెండు నెలలు పొద్దు దక్షిణానికి జరిగి ఆ చెంప మీద పడదు. అప్పుడు పక్కన టేబుల్ లైటు పెడతాను, అంత బాగుండదు.

అత్తమ్మకూ నాకూ ఒప్పందం ఉంది. శుక్రవారం మల్లెపూల మాల స్టాండు మీద, రాయికి తగలకుండా. పసుపు కుంకుమ గడపకు.

చెల్లెలు తనకూ ఒకటి చూడమంటోంది. వాళ్ళ ఫ్లాటుకు ఉన్నది ఉత్తరం వైపు ఒకే కిటికీ, ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడు. వద్దన్నాను. నా బొమ్మను అడిగితే మాత్రం, ఇవ్వను.