కాన్పు ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేముందు ఆ కాగితంలో షుగర్ పరీక్ష ఉందేమో చూడండి

అమలాపురం చుట్టుపక్కల ఆడపిల్లని పురిటికి తెచ్చుకుంటున్న వాళ్లందరికీ చెప్తున్నానండి. ‘నార్మల్ డెలివరీ ప్యాకేజీ’ అన్న కరపత్రం చూసి డబ్బు కట్టేయకండి. ఆసుపత్రి పేరు రాయను.

అల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు, అందుకని అమ్మాయి ఐదో నెల నుంచి మా దగ్గరే ఉంది. ప్యాకేజీ 55 వేలు. నెలనెలా చెకప్, ఐదు స్కాన్లు, కాన్పు, మూడు రోజులు గది, చివర్లో బిడ్డ ఫొటోల ఆల్బమ్. ఆల్బమ్ ఉంది గానీ గ్లూకోజు నీళ్లు తాగించి చేసే షుగర్ పరీక్ష లేదు. మొదట్లో ఒకసారి మామూలు రక్తపరీక్ష చేసి షుగర్ లేదన్నారు, అంతే. నాకూ మా అమ్మకూ షుగరుంది. ఆ మాట ఒక్కరూ అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు.

ఎనిమిదో నెల స్కాన్‌లో బిడ్డ వారాలకి మించిన బరువుంది, ఉమ్మనీరు ఎక్కువుంది అన్నారు. అక్కడి అమ్మాయి ‘బాగా తినిపించారండీ’ అని నవ్వింది. నేనూ మురిసిపోయాను. మామిడిపళ్ల కాలం, రోజూ కొత్తపల్లి కొబ్బరి పళ్లు, పైన పూతరేకులు. ఇప్పుడు తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కాన్పులో తల బయటికొచ్చి భుజం పట్టేసింది. నర్సులు అమ్మాయి కాళ్లు పొట్టకేసి మడిచి, పొత్తికడుపు దగ్గర అదిమి బిడ్డని తీశారు. వాళ్ల చేతులకి దణ్ణం పెట్టాలి. బిడ్డ 4.4 కేజీలు. గంట తిరక్కుండా బిడ్డకి షుగర్ పడిపోయింది. బిడ్డ ఖర్చు ప్యాకేజీలో లేదని అప్పుడు చెప్పారు! ఎదుర్లంక వంతెన మీదుగా రాత్రికి రాత్రి కాకినాడ తీసుకెళ్లాం. నాలుగు రోజులు బాక్సులో ఉంచారు.

అక్కడి డాక్టరుగారు విడమరిచి చెప్పారు. తల్లి రక్తంలో ఎక్కువైన షుగర్ మాయ గుండా బిడ్డకి వెళ్తుంది. దానికి తగ్గట్టు బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుని ఒళ్లు చేస్తుంది. బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే షుగర్ ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. ముందే తెలిస్తే చాలామందికి తిండి మార్చి, నడిపిస్తేనే సరిపోతుందట, కొందరికి ఇన్సులిన్ కావాలి.

పరీక్ష ఏమంత పెద్దది కాదండీ. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి 2 గంటలకి రక్తం చూస్తారు, పరగడుపున ఉండక్కర్లేదు. 140 వచ్చినా, దాటినా షుగరున్నట్టే. మొదటి చెకప్‌లో ఒకసారి, 24–28 వారాల మధ్య ఇంకోసారి చేయించాలి. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా చూస్తారు, అక్కడ అడగండి.

ఇది చదివి స్కాన్‌లో బరువు చూడగానే బెదిరిపోకండి. ఆ అంకె 10–15 శాతం అటూ ఇటూ అవుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మా పక్కింటి కోడలికి నాలుగు కేజీలు దాటిందని భయపెట్టి ఆపరేషన్ చేశారు, తీరా పుట్టింది 3.3 కేజీలు. బరువొక్కటే చూసి ముందే సిజేరియన్ అనుకోవాలంటే తల్లికి షుగరుంటే నాలుగున్నర, లేకపోతే ఐదు కేజీల అంచనా ఉండాలని అమెరికా ప్రసూతి వైద్యుల మార్గదర్శకాల్లో ఉందట.

మనవడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. కాకినాడ బిల్లు గురించి అడిగితే ఆ ఆసుపత్రివాళ్లు షరతులున్న వెనక పేజీ చూపించారు. నిన్న ఫోన్ చేసి ఆల్బమ్ తీసుకెళ్లమన్నారు. అమ్మాయికి ఆరు వారాలు నిండాయి, సోమవారం గ్లూకోజు పరీక్ష. ఈసారి చీటీ నేనే అడిగి రాయించుకున్నాను.