గోడ అవతలి ఇల్లు, వంటగది, క్యూ: బెర్లిన్ నుంచి ఐసెన్‌హుట్టెన్‌స్టాట్ దాకా

బెర్లిన్ వెళ్లినవాళ్లు చాలామంది గోడ ముక్క చూసి, బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. గోడకు తూర్పున, 1949 నుంచి 1990 దాకా ఉన్న తూర్పు జర్మనీ (జర్మన్‌లో డీడీఆర్) అనే సోషలిస్టు దేశంలో జనం ఏం తిన్నారు, ఏం కొన్నారు, దేనికోసం క్యూ కట్టారు అన్నది చూపించే చోట్లు వేరే ఉన్నాయి. లైప్‌జిగ్‌లో చదువుకుంటున్న మా తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఈసారి వాటికోసమే తిరిగాను. జర్మనీలో ఎమ్మెస్ చేసే మన పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు, వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలూ ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అందరూ వెళ్లేది డీడీఆర్ మ్యూజియానికి. స్ప్రీ నది ఒడ్డున, పెద్ద కేథడ్రల్‌కి ఎదురుగా ఉంటుంది. 2006లో తెరిచారు, ప్రైవేటుది, టికెట్ కొనాలి. సొరుగులు లాగి చూడొచ్చు, అప్పటి వాళ్ల మామూలు కారు ట్రాబంట్‌లో కూర్చుని స్టీరింగ్ తిప్పొచ్చు. పిల్లలకు భలే నచ్చుతుంది. కానీ లోపల చోటు తక్కువ, జనం ఎక్కువ. ఏ సొరుగు దగ్గరా నిదానంగా నిలబడి చదవనివ్వరు. వస్తువులు కనిపిస్తాయి గానీ అవి ఎందుకు దొరకలేదో అర్థమయ్యేలోపు వెనకవాళ్లు తోసుకొస్తారు.

బెర్లిన్‌లో మాత్రం నా ఓటు ప్రెన్జ్‌లావర్ బెర్గ్‌లోని కుల్టూర్‌బ్రావరై మ్యూజియానికి. పాత బీరు ఫ్యాక్టరీ ఆవరణలో ఉంది. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. అక్కడ పైన టెంటు బిగించిన ట్రాబంట్ ఒకటి ఉంది, దాని దగ్గర చాలాసేపు ఉండిపోయాం. ఆ కారు బాడీ రేకు కాదు. పత్తి వ్యర్థాలను రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన డ్యూరోప్లాస్ట్. ఉక్కు రేకుకు కరువు కాబట్టి ఆ దారి పట్టారు. పేరు రాయించుకున్నాక కారు చేతికి రావడానికి పదేళ్లకు పైనే పట్టేది. అందుకే పాత కారు కొత్తదాని సర్కారు ధర కంటే ఎక్కువకు అమ్ముడుపోయేది. మన దగ్గర బజాజ్ చేతక్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన తరానికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక సంగతి చెప్పాలి. అక్కడ జనం ఆకలితో అలమటించలేదు. రేషన్ కార్డులు 1958లోనే ఎత్తేశారు. చిన్న బన్ను 5 ఫెనిగ్‌లు (వంద ఫెనిగ్‌లు ఒక మార్కు), బెర్లిన్‌లో ట్రామ్ టికెట్ 20 ఫెనిగ్‌లు. ఏళ్ల తరబడి అవే ధరలు. కలర్ టీవీ మాత్రం 4,000 మార్కులు దాటేది, అంటే చాలామందికి కొన్ని నెలల జీతం. తిండి, అద్దె, బస్సు సర్కారు భరించింది. మిగతా వాటికి కొరత మిగిలింది. జేబులో డబ్బు ఉండేది, షాపులో సరుకు ఉండేది కాదు.

కాఫీ కథ చదివి నాకు మనసు చివుక్కుమంది. 1975లో బ్రెజిల్ తోటలు మంచుకు మాడిపోయాయి, ప్రపంచమంతా ధర ఎగిరింది. కొనడానికి డాలర్లు లేక 1977లో సర్కారు సగానికి సగం బఠానీ, రై, బార్లీ లాంటివి కలిపిన పొడి అమ్మింది. జనం ఛీ కొట్టారు. తర్వాత 1980లో వియత్నాంతో ఒప్పందం చేసుకుని అక్కడ తోటలు వేయించారు. ఆ కాఫీ దండిగా కాపుకొచ్చే వేళకు తూర్పు జర్మనీయే లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంటర్‌షాపులు. పశ్చిమ దేశాల సబ్బు, చాక్లెట్, జీన్స్ అక్కడ ఉండేవి, కాకపోతే విదేశీ డబ్బుకే ఇచ్చేవారు. 1974 నుంచి మామూలు పౌరులు కూడా ఆ డబ్బు దగ్గర పెట్టుకోవచ్చన్నారు. పశ్చిమాన మేనత్తో పిన్నో ఉన్నవాళ్లు కొనుక్కున్నారు, లేనివాళ్లు అద్దంలోంచి చూశారు. సమానత్వం పేరుతో నడిచిన దేశంలో ఇది అన్యాయం. దీన్ని ఇంకోలా చెప్పడం నాకు రాదు.

హెల్లెర్స్‌డోర్ఫ్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌ను అలాగే ఉంచారు. 61 చదరపు మీటర్లు, అప్పటి అద్దె 109 మార్కులు. ఆదివారం మధ్యాహ్నం కాసేపే తెరుస్తారు, వెళ్లేముందు కనుక్కోండి. చిన్నదే గానీ, వేడినీళ్లు, బాత్రూమ్ ఉన్న అలాంటి ఇంటికోసం కూడా జనం పడిగాపులు కాశారు.

మేం అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర అదే కాలంనాటి కాంక్రీటు బిల్డింగ్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. గోడలు పలచన, పక్కింటి టీవీ వినిపిస్తుంది. కానీ వంటగది ఉంది, మెట్రో, ట్రామ్ కాళ్లకిందే. అన్నం, పప్పు లేనిదే గడవనివాళ్లకు హోటల్ కంటే ఇదే నయం. ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోండి.

ఒక పూర్తి రోజు ఐసెన్‌హుట్టెన్‌స్టాట్‌కి ఉంచుకోండి. 1950లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ నేల మీద కట్టిన ఊరు, కొన్నాళ్లు స్టాలిన్ పేరుతో ఉండేది. బెర్లిన్ నుంచి ఆర్‌ఈ1 రైలు నేరుగా వెళ్తుంది, డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెలవారీ పాసు) చెల్లుతుంది. స్టేషన్ ఊరికి కాస్త దూరం, బస్సెక్కాలి. రోజువారీ జీవితం మీద మ్యూజియం ఒకప్పటి శిశు సంరక్షణ కేంద్రంలో ఉంది. మెట్ల దగ్గర తూర్పు జర్మనీ చిత్రకారుడు వాల్టర్ వోమాకా చేసిన రంగుటద్దాల కిటికీ ఉంది, పైకి వెళ్లేముందు కాసేపు ఆగండి.

కౌంటర్ దగ్గరి పెద్దావిడ వాళ్లమ్మ గురించి చెప్పింది, తమ్ముడు తెలుగులో చెప్పాడు. పనికి వెళ్లేటప్పుడు అమ్మ బ్యాగులో ఒక నైలాన్ సంచి మడిచి ఉండేదట. దారిలో క్యూ కనిపిస్తే ముందు నిలబడటం, ఏమొచ్చిందని అడగడం తర్వాత.

అక్కడే సూపర్‌ఫెస్ట్ గాజు గ్లాసు చూశాను. పలచగా, తేలిగ్గా ఉంటుంది. ముడిసరుకు ఆదా కావాలని, పడినా అంత తేలిగ్గా పగలని గాజు తయారుచేశారు. 1980 నుంచి పదేళ్లలో పది కోట్లకు పైగా గ్లాసులు పోశారు. పశ్చిమ దేశాల వ్యాపారులు మాత్రం తీసుకోలేదు. పగలని గ్లాసు మళ్లీ అమ్ముడుపోదు కదా. 1990లో తయారీ ఆగిపోయింది. కొరత మనుషుల్ని ఎంత విసిగించిందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కొరతలోనే ఇంత మంచి వస్తువు పుట్టిందని ఈ మ్యూజియం చూపించింది, అందుకే నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది.

ఊళ్లో తినడానికి చోట్లు తక్కువ, శాకాహారులకు ఇంకా కష్టం. పులిహోర కట్టుకెళ్లండి. రాత్రి బస అవసరం లేదు, సాయంత్రం రైలుకి బెర్లిన్ వచ్చేయొచ్చు.