రాయగడలో ఇంటి డాక్టరు: ఎక్కడ దొరుకుతారు, ఎలా తేల్చుకోవాలి

ఒడిశాలోని రాయగడ తెలుగిళ్ళలో ఒంట్లో బాగోలేదంటే ఎక్కువగా రెండే దారులు. చిన్నదైతే వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, పెద్దదైతే పార్వతీపురం మీదుగా విశాఖ రైలు. ఈ రెండింటికీ నడుమ ఒక మనిషి ఉండాలి. ఇంట్లో ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, ఎవరికి ఏ మందు పడదో తెలిసిన ఎంబీబీఎస్ డాక్టరు. ఆ మనిషి చాలా ఇళ్ళకి లేరు. అందుకే ఇక్కడ దొరికే వైద్యాన్ని ఆ ఒక్క అవసరానికి ఎంత పనికొస్తుందన్న లెక్కతోనే చూస్తున్నాం.

ముందు జిల్లా ప్రధాన ఆసుపత్రి ఓపీ. డబ్బులున్నవాళ్ళు దీన్ని పక్కన పెట్టేస్తారు, అది తప్పు. బీపీ, షుగరు చూడ్డానికి ఎన్‌సీడీ క్లినిక్, ఉచిత మందులకి నిరామయ కౌంటరు, ఉచితంగా మలేరియా పరీక్ష, అన్నీ ఒక్కచోటే. లోటు ఒకటుంది. ప్రభుత్వ డాక్టర్లకి బదిలీలు మామూలు, ఈ నెల చూసినాయనే పై నెల ఉంటారని చెప్పలేం. పైగా ఓపీ చీటీ జేబులో నాలుగు రోజులకే నలిగిపోతుంది. మనిషికో లాంగ్ నోట్‌బుక్ పెట్టి చీటీ అందులో అంటించండి. పక్కన తేదీ, బీపీ, షుగరు, బరువు, మందు పేరు, ఎన్ని ఎంజీ అన్నది రాయండి. కొత్త డాక్టరు వచ్చినా కథ మొదటికి రాదు.

ఇంటి డాక్టరుగా స్థిరపడేవాళ్ళు ఎక్కువగా దొరికేది సాయంత్రం క్లినిక్కుల్లో. బోర్డు మీద డిగ్రీలు ఎన్ని ఉన్నా ముందు రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ఆ నంబరు క్లినిక్‌లో కనబడాలి, మందుల చీటీ మీదా ఉండాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో డాక్టర్ల రిజిస్టరు ఉంది, పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. ఎంబీబీఎస్ చాలు. జనరల్ మెడిసిన్‌లోనో ఫ్యామిలీ మెడిసిన్‌లోనో ఎండీ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ ఉంటే ఇంకా మంచిది. గుండె డాక్టరుని ఇంటి డాక్టరుగా పెట్టుకోవాలని చూడకండి. పిల్లాడి విరేచనాలు, అమ్మమ్మ మోకాళ్ళు, కోడలి రక్తహీనత ఒకరే చూసేలా ఉండాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన చేతులు గమనించండి. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టారా? చొక్కా చెయ్యి పైకి తీయించి, చేతిని గుండె ఎత్తున ఉంచి, మాట్లాడొద్దన్నారా? మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో చూసిన అంకెకే మాత్ర రాస్తే ఆ మాత్ర అక్కర్లేనిదీ కావచ్చు. దగ్గుతో పసివాణ్ణి తీసుకెళ్తే బనీను పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డకి 50 గానీ, ఆపైన ఐదేళ్ళలోపు వాడికి 40 గానీ, అంతకు మించి గానీ ఉంటే న్యుమోనియా అనుమానించాలి. పక్కటెముకల కింద ఛాతీ లోపలికి పీక్కుపోతుంటే నేరుగా ఆసుపత్రికే. ఆ లెక్క చూడకుండా యాంటీబయాటిక్ సిరప్ రాసే చోటుకి రెండోసారి వెళ్ళక్కర్లేదు.

అన్నిటికంటే మన జిల్లాలో డాక్టరుకి అసలు గీటురాయి జ్వరం. ఇది మలేరియా నేల. ఏ నెలలో జ్వరం వచ్చినా మందు కంటే ముందు రక్తపరీక్ష పడాలి. వేలి మీద పొడిచి చేసే కిట్ పరీక్షకి అరగంట కూడా పట్టదు. నెగిటివ్ వచ్చి జ్వరం ఆగకపోతే మళ్ళీ చేయించాలి, రక్తపు పూత సూక్ష్మదర్శిని కింద చూడాలి. మలేరియాలో ఫాల్సిపారం రకమైతే ఏసీటీ (ఆర్టెమిసినిన్‌తో కలిపిన మందుల జోడీ) మూడు రోజులు. వైవాక్స్ రకమైతే మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు ప్రైమాక్విన్ 14 రోజులు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. మూడోనాటికి జ్వరం దిగుతుంది, మిగిలిన మాత్రలు అలమరాలో పడతాయి, కాలేయంలో దాగిన పరాన్నజీవి కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ లేస్తుంది. ప్రైమాక్విన్ గర్భిణికీ, పసిబిడ్డకీ ఇవ్వరు. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్ళకి ఎర్రకణాలు పగులుతాయి కాబట్టి మాత్ర వేసుకునేటప్పుడు మూత్రం నల్లగా వస్తే ఆపేసి వెంటనే చూపించాలని డాక్టరే ముందు చెప్పాలి. ఇంకోటి, ఫాల్సిపారం తగ్గాక కూడా కిట్ కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపించగలదు. తగ్గిందో లేదో తేల్చడానికి కిట్ పనికిరాదు, పూతే చూడాలి. ఈ సంగతి తనంతట తానే చెప్పిన డాక్టరుని వదులుకోకండి.

వాన వెలిశాక వారం దాటిన జ్వరంతో వెళ్తే బట్టల కింద, చంకల్లో, గజ్జల్లో నల్లటి పొక్కు కోసం వెతికే డాక్టరు కూడా మంచి డాక్టరే. అది స్క్రబ్ టైఫస్ గుర్తు, కంటికి ఆనని చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం. దానికి డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోతుంది.

ఆర్‌ఎంపీల సంగతి. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది వాళ్ళే, ఆ మేలు కాదనలేం. కానీ జ్వరానికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది, ఒళ్ళు నొప్పులకి డెక్సా అనే స్టెరాయిడ్ సూది అన్న అలవాటు ప్రమాదం. అది డెంగీ అయితే డైక్లోఫెనాక్‌తో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి మరీ చేటు. డెక్సా పడగానే హుషారు వస్తుంది, షుగరు ఎగబాకుతుంది, లోపలి జబ్బు కనబడకుండా పోతుంది. బలానికని ఎక్కించే అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. నోటితో తాగగలిగినవాళ్ళకి దాంతో పనిలేదు, ఓఆర్‌ఎస్, గంజి చాలు.

జిల్లాలో పేరెత్తి చెప్పాల్సింది బిస్సమ్‌కటక్ క్రిస్టియన్ హాస్పిటల్. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు లిస్ మాడ్సెన్ మొదలుపెట్టారు. విజయనగరం నుంచి రాయగడ మీదుగా వెళ్ళే లైన్లోనే స్టేషన్ ఉంది. కాన్పులు, పిల్లల జబ్బులు, మలేరియా, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) విషయంలో విశాఖ టికెట్ తీసుకునే ముందు దీని గురించి ఆలోచించండి. పిల్లలకి రక్తం తక్కువగా ఉండి, కీళ్ళు, ఎముకల నొప్పులు తిరగబెడుతుంటే సికిల్ పరీక్ష చేయించమని ఇంటి డాక్టరుని అడగండి.

విశాఖ పెద్దాసుపత్రులు ఆపరేషన్లకి సరే. చిక్కు తిరిగొచ్చాకే మొదలవుతుంది. డిశ్చార్జి కాగితంలో తొమ్మిది మాత్రలుంటాయి, ఇంట్లో పాతవీ ఉంటాయి. టెల్మిసార్టన్ అనే బీపీ మందు ఒక బ్రాండులో ఒంటరిగా, ఇంకో బ్రాండులో అమ్లోడిపిన్ అనే మరో బీపీ మందుతో కలిపి, రెండూ ఒకే మనిషి మింగేస్తుంటారు. లేచి నిలబడితే తల తిరుగుతుంది, నీరసమనుకుని మళ్ళీ సీసా ఎక్కిస్తారు. వారంలోపు మాత్రలన్నీ సంచీతో సహా తీసుకెళ్ళి ఇంటి డాక్టరు బల్లమీద పోయండి. ఏది ఉంచాలో, ఏది ఆపాలో ఒక్క చీటీ మీద రాయించుకోండి. అక్కడి కేసు కాగితాలు మీకు అందకపోతే రాసి అడగండి, 72 గంటల్లో ఇవ్వాలన్నది నియమం.

కార్డుల దగ్గర గందరగోళం ఎక్కువ. ఆంధ్ర ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఒడిశా రేషన్ కార్డు మీద రాదు. ఒడిశావాళ్ళకి 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్‌తో కలిపిన గోపబంధు ఆరోగ్య కార్డు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఇది ఆసుపత్రిలో చేరితేనే, క్లినిక్ ఫీజుకీ నెలవారీ మాత్రలకీ వర్తించదు. విశాఖ వెళ్ళేముందు ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో, మీ జబ్బుకి అక్కడ కార్డు చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

భాష చిన్న విషయం కాదు. డాక్టరుకి ఒడియా, హిందీ వస్తాయి, మన పెద్దవాళ్ళకి తెలుగే. కాంపౌండరుకో నర్సుకో తెలుగు వచ్చే క్లినిక్కుకి ఓ మార్కు ఎక్కువేయండి. లేకపోతే ఒడియా వచ్చే మనవణ్ణి లోపలిదాకా పంపండి.

పాము కరిచినప్పుడు, మూతి వంకరపోయి ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినప్పుడు, గుండెల్లో బరువుతో చెమటలు పోసినప్పుడు ఇంటి డాక్టరు కోసం ఆగొద్దు. 108కి కొట్టి జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. పాము విషానికి విరుగుడు మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) దాకా పడుతుంది, అది క్లినిక్‌లో అయ్యే పని కాదు. దారిలో ఆ మనిషి నోట్‌బుక్ మాత్రం చేతిలో ఉండాలి, మందుల జాబితా ఉన్న పేజీ మడత పెట్టి.